సిరిల్ ఎత్తు బల్ల

నాలుగు కాళ్లూ నిలబడ్డాయి, అడ్డపట్టీల కుసులు బెజ్జాల్లో బిగుసుకున్నాయి, పైపలకలో ఆఖరి చెక్కచీల దిగ్గొట్టడం కూడా అయింది, ఇంక తన బల్ల మీద తను పని చేసుకోవడమే మిగిలిందనుకుని దేముడు ఒక చెక్కముక్కని వైసులో బిగించి చిత్రికపట్టే రందా చేతపట్టాడు. నాలుగు తోపులు బాగానే తోశాడు. ఐదో తోపుకి కుడిభుజంలో సూది దిగినట్టయింది. అన్నం తిని కడుక్కున్న చెయ్యి ఇంకా ఆరనేలేదు, రేకు కింద వరండా అప్పటికే పెనంలా కాలుతోంది, కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయింది, అలసటలే అనుకున్నాడు. అరవై దాటిన మనిషికి సాల్ చెక్కతో సావాసమంటే మాటలా. కాసేపు ఆగి మళ్లీ తోశాడు. మోచేతులు రెండూ పైపైకి లేస్తున్నాయి, రందా మీద బరువు వెయ్యాలంటే మునివేళ్ల మీద నిక్కాల్సి వస్తోంది. ఇదెక్కడి చోద్యం, బల్ల ముందు మనిషి వంగాలి గాని నిక్కుతాడా ఎవడైనా? ఇంతలో ఎడమకాలు దాని మానాన అది పక్కకి జరిగి గచ్చు మీద ఏదో తడుముకుంటోంది. ఏం పారేసుకున్నావే నువ్వు, అని కాలినే అడిగాడు. అడిగాక తెలిసింది. తెలిసి, రందా మెల్లిగా పక్కన పెట్టేశాడు.

పలక. కాళ్ల కింది పలక. రైల్వే క్యారేజ్ షాపులో ముప్పై ఏళ్ల పైచిలుకు ఆ బల్ల దగ్గర తను నేల మీద నిలబడింది ఎప్పుడు గనక? బల్ల సిరిల్‌ది. సిరిల్ అంటే ఆరడుగుల పైన, చర్చిలో పాటకి లేచి నిలబడితే వెనక వరసకి పాదిరీగారు కనిపించేవారు కాదని అతని భార్య రెబెక్కమ్మ నవ్వేది. షాపులో బల్లకి ఇద్దరు, ఎదురూబొదురూ, జోడీ అనేవాళ్లు, సీనియర్ గీత గీస్తాడు, జూనియర్ కోస్తాడు. కొలత నాది కోత నీది అన్నాడు సిరిల్ మొదటిరోజే. దేముడు ఆ బల్ల దగ్గర నిలబడితే గడ్డం వైసుకి తగులుతుందా అన్నట్టుండేది, చుట్టుపక్కల బల్లలవాళ్లంతా ఒకటే నవ్వులు. "ఒరే పొట్టోడా, నీకోసం దీని కాళ్లు కోస్తే నా నడుం ఇరుగుద్ది. నువ్వే పైకి రా," అని సిరిల్ పాత బోగీ నేల చెక్కలు రెండు జోడించి కాళ్ల కింద పడేశాడు. అంతే, ఆ పలకెక్కినవాడు మళ్లీ దిగలేదు. సిరిల్ రిటైరయ్యాడు, తర్వాత రెండేళ్లకి పోయాడు కూడా, బల్ల తనదైంది, పలక అలాగే ఉంది, దాని మీద తన పాదాల గుంటలు పడి నున్నగా మెరిసేది. ఒంటికి అలవాటైపోయింది మనసుకి కనిపించదేమో. తను రిటైరైన రోజున మెడలో దండలూ చేతిలో గోడగడియారమూ పెట్టి ఊరేగిస్తామని అందరూ గోల చేస్తుంటే, ఒక్క నిమిషం ఉండండ్రా అని లోపలికెళ్లి, ఒక బద్దని బల్ల పక్కన నిలబెట్టి, పైపలకకి సరిగ్గా కోసుకుని వచ్చాడు. గేటు దగ్గర జవాను "యే క్యా హై, చాచా?" అన్నాడు. "లాఠీ హై, భాయ్. బుడ్ఢా హో గయా." ముసలాడి చేతికర్ర అనగానే వాడు నవ్వి వదిలేశాడు. బల్లనంతా కర్రముక్కలో ఇంటికి మోసుకుపోతున్నానని దారిపొడుగునా లోపల్లోపల ఎంత మురిసిపోయాడో. కొలిచింది నేల నుంచి. ఎవరైనా నేల నుంచే కదా కొలుస్తారు? కొలతలో తప్పేం లేదు. తను నేల మీద లేకపోవడమే తప్పు.

పనిమంతుడు పందిరి వేస్తే కుక్కతోక తగిలి కూలిందట. రంగుడబ్బా బోర్లించి దాని మీద కూలబడ్డాడు దేముడు. కాళ్లు లాగుతున్నాయి, నడుం లాగుతోంది, రెప్పలు కూడా లాగుతున్నాయి. అలసట ఒక చోట ఉంటే రుద్దుకోవచ్చు, ఇది ఎక్కడని రుద్దడం? ఒక పలక వేసుకుంటే పోలేదా అని ఒక మనసు అంటోంది. పోతుంది, ఎందుకు పోదు, కానీ బాత్‌రూముకి ఇదే దారి, భార్య నూకాలమ్మ చేతికర్రతో రోజుకి పదిసార్లు ఈ గోడ పట్టుకునే నడుస్తుంది, కాలికి పలక అడ్డంపడి ఆ మనిషి పడిందంటే? అదొక్కటేనా. నిజం చెప్పుకోవాలంటే పలక మాట తలుచుకోవడానికే మనసొప్పడం లేదు. ట్రాఫిక్ కాలనీలో రైల్వే క్వార్టర్ ఖాళీ చేసి సాలువా రోడ్డు పక్కన ఈ రెండు గదులు కొనుక్కున్నది, కట్టెల అడితిలో రైలుపట్టాల కింది పాత స్లీపరు దుంగలు ఏరుకొచ్చి, వాటి కడుపులో మేకులు పీకి, రంపం పళ్లు అరిగిపోతే మళ్లీ పదును పెట్టుకుని, ఎండాకాలమంతా ఒళ్లు హూనం చేసుకున్నది, ఆఖరికి సొంతింట్లో సొంత బల్ల ముందు కూడా పీటెక్కడానికా. పైన కలైకుండ ఎయిర్‌బేస్ విమానం ఒకటి ఆకాశాన్ని చింపుకుంటూ పోయింది, రేకు గడగడలాడింది. ఆ చప్పుడు పోయాక ఇల్లు ఇంకా నిశ్శబ్దంగా అనిపించింది.

అసలు తనకి ఏం చేతనవునని. షాపులో చేసినవి కిటికీ షట్టర్లు. ఒకటీ రెండూ కాదు, ఈ దేశంలో రైలెక్కిన వాళ్లలో సగంమంది తను చేసిన చెక్క షట్టరు ఎత్తలేక తిట్టుకునే ఉంటారు. షట్టర్లు, వాటి చట్రాలు, అప్పుడప్పుడు తలుపు దిమ్మలు, అన్నీ ఒక బోగీలో ముక్కలే. కాళ్లున్న వస్తువు, దాని మానాన అది నేల మీద నిలబడేది, ఒక్కటంటే ఒక్కటి చెయ్యలేదు. తర్వాత చెక్కే రావడం మానేసింది. బోగీలు ఉక్కువి, కిటికీలు అద్దాలవి, వడ్రంగులందరికీ స్క్రూడ్రైవర్లు ఇచ్చారు, అట్టల్లాంటి రేకులు బిగించండి అన్నారు. బిగించాడు. జీతం వచ్చింది, పిల్లకి చదువూ పెళ్లీ అయ్యాయి, ఫిర్యాదేం లేదు. కానీ చేతిలో ఉలి పెట్టి ఇదిగో చెయ్యి అంటే, ఒంటరిగా, గీత గీసేవాడు ఎదుట లేకుండా? ముందుగా బల్ల చేసుకుంటే, దాని మీద చెయ్యాల్సిన మంచం అదే అవుతుందనుకున్నాడు. ఇల్లలకగానే పండగా? బల్లే ఇలా అఘోరిస్తే మంచం సంగతేంటి. భయం వేసింది. అరవై రెండేళ్లొచ్చి, భార్య లోపల గిన్నెలు సర్దుకుంటుంటే, వెనక వరండాలో రంగుడబ్బా మీద కూర్చున్న మగవాడికి భయం వేసింది.

మంచం నూకాలమ్మకి. వచ్చే బుధవారం మోకాలి ఆపరేషన్, ముందు కుడిది, తర్వాత ఎడమది. ఇంట్లో ఉన్నది ఒకే ఇనపమంచం, నడిమికి కుంగి ఉయ్యాలైపోయింది, అందులో పడుకుంటే లేవడానికి ఇద్దరు కావాలి. అందుకని ఆమె చాప మీదే పడుకుని, తెల్లారి లేచేటప్పుడు గోడని, గుమ్మాన్ని, దేవుళ్లని అందరినీ పట్టుకుంటుంది. ఆపరేషనయ్యాక చాప మాటే వద్దంది ఆసుపత్రిలో ఫిజియో దీదీ. మంచం మీద కూర్చుంటే పాదాలు నేలకి ఆనాలి, ఎవరూ చెయ్యి ఇవ్వకుండా లేవాలి. "నిజే ఉఠ్‌తే హోబే, మాసీ," అని మరీమరీ చెప్పింది, నీ అంతట నువ్వే లేవాలి అని. టాటానగర్ నుంచి కూతురు మీనాకుమారి ఫోన్ చేసి "నాన్నా, మంచం ఆర్డరెట్టీనా?" అంది. ఎట్టకు, నాను సేస్తన్నాను అన్నాడు. ఎందుకన్నాడో. పౌరుషానికా, ఖాళీ చేతులు పిచ్చెక్కిస్తున్నాయనా? ఆ రోజు నుంచీ నూకాలమ్మ పొద్దున్నే టీ ఇస్తూ అడుగుతుంది, అవుద్దా మావా అని, అవుద్దిలే అంటాడు తను, గ్లాసులోకి చూస్తూ. కొలత గురించి బెంగే లేదనుకున్నాడు. రైలు కిందిబెర్తు ఎత్తు చేతికి కంఠతా వచ్చు, దేశం దేశమంతా కూర్చునే ఎత్తు, నూకాలమ్మకి మాత్రం సరిపోదా? మంచం చెక్క గోడకి ఆనించి ఉంది, కాళ్ల ముక్కలు ఇంకా కొయ్యలేదు. ఇవాళ శుక్రవారం.

సరే, కోసెయ్యాలి. బల్ల కాళ్లు కోసెయ్యాలి. చెయ్యి కిందికి వేలాడేస్తే మణికట్టు ఎక్కడికొస్తుందో బల్ల అక్కడుండాలి, అది లెక్క, సిరిలే చెప్పాడు, తన మణికట్టు చూపించి మరీ. లేచి బల్లకాలి పక్కన నిటారుగా నిలబడి కుడిచెయ్యి వేలాడేశాడు. ఎడంచేత్తో పెన్సిలు పట్టుకుని గీద్దామని వంగాడు, వంగగానే భుజం దిగిపోయింది, గీత కిందెక్కడో పడింది. ఊపిరి బిగబట్టి మళ్లీ. ఈసారి మెడ తిప్పాడు, భుజం లేచింది. ఇంకోసారి కళ్లు మూసుకుని గీశాడు, దానికంటే గుడ్డిగుర్రం నయం. ముప్పై ఏళ్ల పైన వేలకొద్దీ గీతల వెంబడి వెంట్రుకవాసి తేడా లేకుండా కోసినవాడు తన ఒంటి మీది ఒక్క గీత గీసుకోలేకపోతున్నాడు. ఎవరైనా ఉంటే, అనుకున్నాడు. ఎవరున్నారు? పక్కింటి దాదా కొడుకుల్ని తీసుకుని గోల్‌బజార్ వెళ్లాడు. రెబెక్కమ్మ కొడుకు దావీదుకి ఫోన్ చేస్తే వస్తాడు, బంగారంలాంటి పిల్లాడు, కానీ వచ్చి చూసి, అయ్యో మా నాన్న బల్లలాగే ఉంది బాబాయ్ అంటాడు. ఆ మాట ఇవాళ వినలేడు.

"ఏటి మావా, బల్లకి నామాలెడతన్నావా?"

నూకాలమ్మ గుమ్మంలో చేతికర్ర మీద బరువు ఆనించి నిలబడి ఉంది. మనిషి నాలుగున్నర అడుగులుంటుందో లేదో, అందులో ఇప్పుడు వంగింది. అక్క కూతురు. పెళ్లినాటికి తన భుజం కిందికి వచ్చేది, పొట్టివాడికి ఇంకా పొట్టిదాన్ని భలే ఏరి తెచ్చార్రా అని జోడీబల్లల వాళ్లు ఏడిపించేవాళ్లు.

"అయిపోనాదన్నావు కదా," అంది.

"అయిపోనాది. ఎత్తయిపోనాది."

"ఎంతేటి?"

"సిరిల్ అంత."

ఆమెకి ఒక క్షణం అర్థం కాలేదు. పలక సంగతి చెప్పాడు, కర్రముక్క సంగతి చెప్పాడు, చెబుతుంటే తనకే సిగ్గేసింది. ఆమె ముందు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, తర్వాత దాన్నీ వదిలేసి కళ్లెమ్మట నీళ్లొచ్చేలా నవ్వింది. "ఓలమ్మా, సచ్చిపోయినోడు కూడా నిన్ను పొట్టోడ్ని సేసీసినాడు కదా!" దేముడికి కోపం రావాల్సింది, రాలేదు, రావడానికి కూడా ఓపిక కావాలి. నవ్వి నవ్వి ఆమె ఆయాసపడి గుమ్మానికి జారబడింది. తర్వాత అతని ముఖం చూసింది. నవ్వు ఆపేసింది.

"పెన్సిలిలగియ్యి. నువ్వు నిలబడు, నాను గీస్తాను."

"నువ్వు వంగనేవు."

"వంగనేను. కూకుంటాను."

వద్దంటున్నా వినలేదు. కర్ర బల్లకి చేరేసి, ఒక చేత్తో అడ్డపట్టీ, ఒక చేత్తో అతని లుంగీ పట్టుకుని, దేవుళ్లని తలుచుకుంటూ ఆ రంగుడబ్బా మీదకి దిగింది. మోకాళ్లు టకటకమన్నాయి, ఆ చప్పుడు అతనికి తన పళ్లలో వినిపించింది. సరిగ్గా మణికట్టు ముందుకి వచ్చింది ఆమె ముఖం. కదలకు, అంది. కదల్లేదు. చెయ్యి వేలాడేసి, పెళ్లిచూపుల్లో పిల్లాడిలా గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆమె వేళ్లు చల్లగా, అంట్ల తడితో మణికట్టుకి తగిలాయి, ఎముక ఎక్కడుందో తడిమి, ఇక్కడే కదా అని అడిగి, పెన్సిలు ఉమ్మితో తడిపి గీసింది. "ఎంత సన్నబడిపోనాదో సెయ్యి," అంది, అతనితో కాదు, చేతితోనే అన్నట్టు. తన ఒంటికి ఇంకొకరు కొలత తియ్యడం తనకి గుర్తున్నంతలో యూనిఫారం దర్జీ తర్వాత ఇదే. ఎందుకో కళ్లు మండాయి. ఎండ, రంపపు పొట్టు, ఏమైనా కావచ్చు. గీత చూస్తే సిరిల్ ఎత్తుకి ఇంత కిందికి ఉంది, జానెడుకి కొంచెం తక్కువ. ఇన్నేళ్లూ ఇంత ఎత్తున వేలాడాడన్నమాట తను.

"మరి నన్ను లెగ్గొట్టు," అంది నూకాలమ్మ.

అదీ అసలు చిక్కు. డబ్బా మరీ పొట్టిది, కింద కూర్చున్నదానికీ దానికీ పెద్ద తేడా లేదు. చంకల కింద చేతులు వేసి ఎత్తబోయాడు, భుజం కెవ్వుమంది, అతనూ కెవ్వుమన్నాడు, ఇద్దరూ మళ్లీ మొదటికే. ఆమె అడ్డపట్టీ పట్టుకుని తనే ప్రయత్నించింది, బెత్తెడు లేచింది, లేచినట్టే కూలబడింది. రెండోసారీ అంతే. ఇంటి యజమానులిద్దరూ, ఇంతింత వయసులొచ్చి, సొంత వరండాలో చిక్కుకుపోయారు. "పక్కింటి దీదీని పిలవనా?" అన్నాడు. "సంపీగలను. ఉండు, కూసింత ఊపిరి తీసుకోనీ." ఆమె చెమట కారుస్తూ కళ్లు మూసుకుంది. ఆ మూసిన కళ్లలో ఏముందో అతనికి తెలుసు, ఈ మధ్య రాత్రిళ్లు అటు తిరిగి పడుకుని అంటోంది, ఆపరేషను తర్వాత కూడా ఇంతే అయితే, మావా, నన్ను రోజూ ఎవులు లేపుతారు అని. తను నిద్ర నటించేవాడు. అతని చూపు కాళ్ల దగ్గర పడున్న, బల్లకి కోయగా మిగిలిన పలకముక్కల మీద పడింది. ఆలోచించి చేసింది కాదు, చేతులే చేశాయి. "కూసింత లెగు, బెత్తెడు సాలు," అన్నాడు. ఆమె లేచింది, ఒక ముక్క డబ్బా మీదకి తోశాడు, దాని మీద కూర్చుంది. రొప్పు తగ్గేదాకా ఆగారు. మళ్లీ బెత్తెడు, మళ్లీ ముక్క. లారీకి జాకీ ఎత్తుతున్నట్టుందే అని అతనంటే, నోర్ముయ్యి మావా, నవ్వించకు, పడిపోతాను, అంది. ఇంకో ముక్క. ముక్కముక్కకీ ఆమె ముఖంలో నొప్పి కొంచెం దిగుతోంది, అది చూస్తూ తోస్తున్నాడు. చివరి ముక్క మీద కూర్చుని ఊపిరి తీసుకుని, అతను చెయ్యి చాపేలోపు, అడ్డపట్టీ వదిలేసి, తొడల మీద చేతులు ఆనించి, నూకాలమ్మ లేచి నిలబడింది. ఎవరూ పట్టుకోలేదు. ఆమే ఆశ్చర్యంగా తన మోకాళ్లకేసి చూసుకుంది.

"లెగిసినాను మావా!"

దేముడు డబ్బా మీది ముక్కలకేసి చూస్తూ ఉండిపోయాడు. మునివేలితో నేల నుంచి పైదాకా అంచనా వేశాడు. బెర్తు ఎత్తు కాదు. చాలా కిందికి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, పలాసకి వెళ్లినప్పుడల్లా రైలెక్కగానే నూకాలమ్మ చేసే మొదటి పని టిఫిన్ సంచీని కాళ్ల కిందికి లాక్కోవడం. సంచీ ఎవరైనా ఎత్తుకుపోతారని కాళ్ల కింద పెట్టుకుంటోందనుకున్నాడు తను. ఇన్ని ప్రయాణాలూ ఎదురుబెర్తు మీద కూర్చుని అలాగే అనుకున్నాడు. కాళ్లు అందక వేలాడుతున్నాయని ఒక్కనాడూ చూడలేదు. మంచం కాళ్లు ఇవాళ పొద్దున్నే కోసేసి ఉంటే ఏమయ్యేది?

"ఇంకోపాలి కూకో," అన్నాడు.

"ఏటికి? ఇప్పుడే కదా లెగిసినాను."

"కూకోయే. మళ్లీ లెగగలవులే."

ఆమె అనుమానంగా చూస్తూనే ఆ ముక్కల మీద కూర్చుంది. దేముడు బల్లకాలు పట్టుకుని, నడుం తిట్టుకుంటూ, మెల్లిగా గచ్చు మీద చతికిలబడ్డాడు. ఆమెని చెప్పులు విడవమని, వాటిని పక్కన పెట్టాడు. ఆమె మడమ నేలకి ఆనిందో లేదో తెలియాలి కదా, చూపు నమ్మేట్టు లేదు, పగుళ్లు బారిన ఆ పాదం కిందికి వేళ్లు పోనిచ్చాడు.

నూకాలమ్మ నిప్పు తగిలినట్టు కాలు వెనక్కి లాక్కుంది. "ఓలమ్మ, ఇదేటి! మొగుడివి, నా కాళ్లట్టుకుంటావేటి, తప్పు కాదా! నరకానికి పోతాను నాను!"

"పోతే పోదువులే. ముందు నీ ఎత్తు నాకు తెలీనీ," అన్నాడు దేముడు, తల ఎత్తకుండా. "నా దగ్గర ఎవుళ్ల కొలతలో ఉన్నాయి, నీదే నేదు."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది, ఎవరైనా చూస్తున్నారేమోనని పక్కింటి వైపు చూసింది. అతను మళ్లీ చెయ్యి చాపాడు. ఈసారి ఆమె కాలు వెనక్కి లాక్కోలేదు.